ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణంలో కంపైలర్ ఫ్లాగుల సమీక్ష

ప్రోగ్రామర్ రాసిన సోర్స్ కోడ్‌ను యంత్రం అమలు చేయగల సూచనలుగా మార్చే సాఫ్ట్‌వేర్ కంపైలర్. ఆ మార్పిడి ఎలా జరగాలో కంపైలర్‌కు చెప్పే ఆదేశాలే కంపైలర్ ఫ్లాగులు. వేగం ముఖ్యమా, పరిమాణం ముఖ్యమా, ఏ ప్రాసెసర్ కోసం తయారు చేయాలి, ఏ పొరపాట్లకు హెచ్చరించాలి, ఏ రక్షణలు చొప్పించాలి అన్నవన్నీ వీటితోనే తేలతాయి. ఆపరేటింగ్ సిస్టమ్ బిల్డ్ ఫైళ్ళలో ఇలాంటి ఆదేశాన్ని ఎవరైనా చేర్చినా, తీసేసినా, మార్చినా, ఆ ప్యాచ్‌ను ఆమోదించే ముందు జరిపే పరిశీలనను ఫ్లాగుల సమీక్ష అంటారు.

మామూలు ప్యాచ్ ఒక ఫంక్షన్‌నో, ఒక డ్రైవర్‌నో తాకుతుంది. ఫ్లాగు ప్యాచ్‌లో మారేది ఒక్క వరుసే కావచ్చు, కానీ దానివల్ల మొత్తం సిస్టమ్ మళ్ళీ తయారవుతుంది. అందుచేత సమీక్షకులు ఆలోచించాల్సిన కోడ్‌లో అధిక భాగం ప్యాచ్‌లో కనిపించదు. లినక్స్ కెర్నల్, దాని మీద ఆధారపడిన డెబియన్, ఫెడోరా, ఉబుంటు వంటి పంపిణీలు ఈ ప్రక్రియను బహిరంగంగా నడుపుతాయి కాబట్టి ఇక్కడి ఉదాహరణల్లో ఎక్కువ వాటివే.

నేపథ్యం

లినక్స్ కెర్నల్‌లో అత్యధిక భాగం సీ భాషలో ఉంది. సీ ప్రమాణం కొన్ని సందర్భాలను అనిర్వచితంగా వదిలేసింది. గుర్తు గల పూర్ణసంఖ్య తన పరిమితి దాటితే ఏమవుతుంది, నల్ పాయింటర్ ద్వారా మెమరీని చదివితే ఏమవుతుంది, ఒక రకం డేటాను వేరే రకం పాయింటర్‌తో చదివితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు ప్రమాణంలో జవాబు లేదు. జవాబు లేనిచోట కంపైలర్ ‘ఇలాంటిది ఎప్పుడూ జరగదు’ అని అనుకొని కోడ్‌ను కుదించుకోవచ్చు. సాధారణ అప్లికేషన్లకు దీనివల్ల వేగం వస్తుంది. కెర్నల్ పరిస్థితి వేరు. మెమరీని, హార్డ్‌వేర్ రిజిస్టర్లను నేరుగా నిర్వహించే కోడ్ ఆ అనిర్వచిత ప్రాంతంలో తరచూ అడుగుపెడుతుంది.

గ్నూ కంపైలర్ జీసీసీ 1987లో వెలువడింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ మొదటినుంచీ జీసీసీని, ప్రమాణంలో లేని దాని విస్తరణలను ఆధారం చేసుకుంది. ఆచరణలో కెర్నల్ రాసిన భాష పాఠ్యపుస్తకాల సీ కాదు, మేక్‌ఫైల్ అనే బిల్డ్ ఫైలులోని ఫ్లాగులు నిర్వచించిన ఒక మాండలికం. ఫ్లాగును మార్చడమంటే ఆ మాండలికపు వ్యాకరణ సూత్రాన్ని మార్చడమే. సూత్రం మారితే అంతకుముందు రాసిన వాక్యాలన్నిటి అర్థం మళ్ళీ చూసుకోవాలి. సమీక్ష అవసరం ఇక్కడే పుడుతుంది.

ఫ్లాగుల రకాలు

భాషార్థాన్ని నిర్ణయించేవి: ఏ సీ ప్రమాణాన్ని పాటించాలో చెప్పే ఫ్లాగు ఈ వర్గంలోది. పాయింటర్ రకాల మీద కఠినమైన ఊహలు చేయవద్దనే ‘నో-స్ట్రిక్ట్-ఏలియాసింగ్’, సంఖ్యల పొంగు మీద ఊహలు వద్దనే ‘నో-స్ట్రిక్ట్-ఓవర్‌ఫ్లో’, నల్ తనిఖీలను తీసేయవద్దనే ‘నో-డిలీట్-నల్-పాయింటర్-చెక్స్’ కూడా ఇవే. కెర్నల్‌లో వీటిని తొలగించే ప్రతిపాదన వస్తే అత్యంత జాగ్రత్తగా చూడాలి. తీసేసిన తర్వాత కూడా బిల్డ్ శుభ్రంగా పూర్తవుతుంది, పరీక్షలు కూడా నెగ్గవచ్చు, తప్పు మాత్రం లోపల ఉండిపోతుంది.

ఆప్టిమైజేషన్ ఫ్లాగులు: కెర్నల్‌కు సాధారణంగా వాడేది ‘ఓ2’ స్థాయి. పరిమాణం తగ్గించాలంటే ‘ఓఎస్’ ఎంచుకోవచ్చు. ఆప్టిమైజేషన్ పూర్తిగా ఆపేస్తే లినక్స్ కెర్నల్ అసలు బిల్డ్ కాదు. కొన్ని చోట్ల అనవసరమైన కోడ్‌ను కంపైలర్ తానే తొలగిస్తుందన్న భరోసాతోనే సోర్స్ రాశారు.

ప్రాసెసర్‌కు సంబంధించినవి: 64 బిట్ ఎక్స్86 యంత్రాలలో స్టాక్ పాయింటర్‌కు దిగువన 128 బైట్ల ‘రెడ్ జోన్’ ఉంటుంది. అప్లికేషన్ ఫంక్షన్లు దాన్ని తాత్కాలికంగా వాడుకోవచ్చు. కెర్నల్‌లో అదే పని చేస్తే, మధ్యలో వచ్చిన ఇంటరప్ట్ ఆ చోటునే తొక్కేస్తుంది. అందుకే కెర్నల్‌ను రెడ్ జోన్ లేకుండా కంపైల్ చేస్తారు. వెక్టర్ రిజిస్టర్లను కంపైలర్ తనంత తాను వాడకుండా కూడా ఆపుతారు. యూజర్ ప్రోగ్రామ్ వాటిలో ఉంచుకున్న విలువలను కెర్నల్ ప్రవేశించిన ప్రతిసారీ భద్రపరచదు కాబట్టి, అక్కడ రాస్తే ఆ విలువలు చెడిపోతాయి.

హెచ్చరికలు: అనుమానాస్పదమైన కోడ్ కనిపిస్తే చెప్పమని కోరేవి కొన్ని, చెప్పవద్దని కోరేవి కొన్ని. హెచ్చరికలన్నిటినీ లోపాలుగా పరిగణించి బిల్డ్‌ను ఆపేయమనేది ‘వెర్రర్’. ఇవి తయారయ్యే యంత్రకోడ్‌ను మార్చవు, ప్రోగ్రామర్ల పని తీరును మారుస్తాయి.

రక్షణ ఫ్లాగులు: స్టాక్‌లో కాపలా విలువను ఉంచి, ఫంక్షన్ ముగిసేటప్పుడు అది చెదిరిందో లేదో చూసే పద్ధతికి 1998 నాటి స్టాక్‌గార్డ్ పరిశోధన దారి వేసింది. ఓపెన్‌బీఎస్‌డీ 2003లో విడుదలైన 3.3 సంచికలోనే ప్రోపోలీస్ పేరుతో దీన్ని చేర్చుకుంది. జీసీసీ ప్రధాన శాఖకు ఇది 2006లో 4.1 సంచికతో వచ్చింది. మొదటి రూపం 8 బైట్లు, అంతకు మించిన అక్షర శ్రేణులున్న ఫంక్షన్లను మాత్రమే కాపాడేది. అన్ని ఫంక్షన్లకూ కాపలా పెడితే భారం ఎక్కువ. ఈ రెంటి మధ్య రాజీగా 2014లో జీసీసీ 4.9లో ‘స్ట్రాంగ్’ రూపం వచ్చింది. అదే ఏడాది లినక్స్ 3.14 దాన్ని స్వీకరించింది. స్టాక్ మీది వేరియబుల్స్‌ను ముందే సున్నాతో నింపడం, ఫంక్షన్ పిలుపుల గమ్యాన్ని తనిఖీ చేయడం కూడా ఈ కోవలోవే.

ఫ్లాగులు ఉండే చోట్లు

లినక్స్ కెర్నల్‌లో ప్రధాన ఫ్లాగులు సోర్స్ చెట్టు పైకొమ్మన ఉన్న మేక్‌ఫైల్‌లో ఉంటాయి. ప్రతి ప్రాసెసర్ కుటుంబానికీ సొంత మేక్‌ఫైల్ ఉంటుంది. డైరెక్టరీకి, చివరికి ఒక్కో ఫైలుకు కూడా విడిగా ఫ్లాగులు చేర్చవచ్చు, తీసేయవచ్చు. పంపిణీలలో ఇదే బాధ్యతను వేరే పనిముట్లు మోస్తాయి. డెబియన్‌లో డీపీకేజీ-బిల్డ్‌ఫ్లాగ్స్, ఫెడోరాలో ఆర్‌పీఎమ్ మాక్రోలు, జెంటూలో మేక్ డాట్ కాన్ఫ్ ఫైలు ఆ పని చేస్తాయి. డెబియన్ ఆధారంగా మన దేశంలో సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ లాంటి ఉపపంపిణీలు మాతృపంపిణీ నుంచి ప్యాకేజీలను తీసుకున్నప్పుడు వాటి ఫ్లాగులు కూడా వాటితోపాటే వస్తాయి.

ఒకే విషయం మీద పరస్పర విరుద్ధమైన రెండు ఫ్లాగులు ఒకే ఆదేశంలో ఉంటే సాధారణంగా చివరిదే చెల్లుతుంది. అందుకని ఫ్లాగు ఉందా లేదా అన్నదొక్కటే చాలదు, దేని తర్వాత వచ్చిందన్నది కూడా లెక్కే. మేక్‌ఫైల్‌లో ఒక వరుసను పైకో కిందికో జరిపిన ప్యాచ్ చూడ్డానికి సర్దుబాటులా కనిపించినా ప్రవర్తనను మార్చగలదు.

సమీక్షలో చూసే అంశాలు

మొదటిది కారణం. ఫ్లాగు ఏం చేస్తుందో కంపైలర్ మాన్యువల్ చెబుతుంది. అది ఇక్కడ, ఇప్పుడు ఎందుకు కావాలో ప్యాచ్‌తోపాటు రాసిన వివరణ చెప్పాలి. కారణం రాయని ఫ్లాగును ఏళ్ళ తర్వాత తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

రెండోది పరిధి. మార్పు ఎక్కడెక్కడికి చేరుతుంది, ఎక్కడికి చేరదు అన్నది తేల్చుకోవాలి. లినక్స్‌లో కెర్నల్‌ను విప్పి మెమరీలోకి చేర్చే బూట్ కోడ్ ప్రధాన ఫ్లాగులను పక్కనపెట్టి సొంత జాబితాను వాడుకుంటుంది. కెర్నల్ అంతటికీ సీ ప్రమాణాన్ని నిర్దేశించిన ఫ్లాగు ఎక్స్86 బూట్ కోడ్‌లోని ఒక భాగానికి చేరలేదు. చాలాకాలం దానివల్ల ఇబ్బంది రాలేదు. 2025లో వెలువడిన జీసీసీ 15 ఏ ప్రమాణమూ చెప్పనప్పుడు సీ23ను అనుసరించడం మొదలుపెట్టింది. ఆ ప్రమాణంలో ‘బూల్’, ‘ట్రూ’, ‘ఫాల్స్’ అనేవి భాషలోని కీలక పదాలు. వాటిని తనే నిర్వచించుకున్న పాత కోడ్ ఆ మూలన కంపైల్ కాకుండా ఆగింది. అక్కడ కూడా ప్రమాణాన్ని స్పష్టంగా చెప్పడమే పరిష్కారమైంది.

పరిధి ఊహించని దిక్కుకు కూడా పాకవచ్చు. గణిత లెక్కలను వేగంగా చేయించే ‘ఫాస్ట్-మ్యాథ్’ ఫ్లాగుతో తయారైన షేర్డ్ లైబ్రరీని లోడ్ చేసుకున్న ప్రోగ్రామ్‌లో అత్యంత చిన్న దశాంశ సంఖ్యలు సున్నాగా మారేవి. ఆ ప్రోగ్రామ్‌ను ఆ ఫ్లాగుతో కంపైల్ చేయకపోయినా అదే ఫలితం. లైబ్రరీ లోడ్ అయ్యేటప్పుడు ప్రాసెసర్ స్థితినే మార్చే కోడ్‌ను జీసీసీ అందులో చేర్చడమే దీనికి కారణం. 2023 నాటి జీసీసీ 13 నుంచి షేర్డ్ లైబ్రరీల విషయంలో ఇది ఆగింది.

మూడోది కంపైలర్ మద్దతు. కెర్నల్‌ను జీసీసీతోనూ, క్లాంగ్‌తోనూ, వాటి అనేక సంచికలతోనూ బిల్డ్ చేస్తారు. ఒక ఫ్లాగు ఈ కంపైలర్‌కు తెలుసా అని అడిగి, తెలిస్తేనే చేర్చే ‘సీసీ-ఆప్షన్’ సదుపాయం కెర్నల్ బిల్డ్ వ్యవస్థలో ఉంది. దీనిలో ఒక మెలిక ఉంది. హెచ్చరికను ఆపమనే ఫ్లాగు తనకు తెలియనిదైనా జీసీసీ మౌనంగా అంగీకరిస్తుంది. కాబట్టి ఆ హెచ్చరికను ఇవ్వమనే రూపాన్ని పరీక్షించాలి. మరో చిక్కు కూడా ఉంది. రక్షణ ఫ్లాగును ఇలా షరతుతో చేర్చితే, మద్దతు లేని కంపైలర్ దొరికిన చోట రక్షణ చడీచప్పుడు లేకుండా జారిపోతుంది. రక్షణ తప్పనిసరి అయితే బిల్డ్ ఆగిపోవడమే మేలు.

నాలుగోది ఫ్లాగుల మధ్య సంబంధం. మెమరీ నకలు ఫంక్షన్లకు హద్దుల తనిఖీ జోడించే ‘ఫోర్టిఫై సోర్స్’ ఆప్టిమైజేషన్ లేకపోతే పనిచేయదు. డీబగ్ కోసం ఎవరైనా ఆప్టిమైజేషన్ ఆపేస్తే, ఫోర్టిఫై ఫ్లాగు వరుసలో కనిపిస్తూనే ఉన్నా రక్షణ ఉండదు.

అయిదోది ఆధారం. వేగం పెరిగిందంటే ఏ పని మీద, ఏ యంత్రం మీద కొలిచారో చూపాలి. పరిమాణం మారిందంటే కెర్నల్ సోర్స్‌తోపాటే వచ్చే ‘బ్లోట్-ఓ-మీటర్’ స్క్రిప్టుతో ఏ ఫంక్షన్ ఎంత పెరిగిందో చూడవచ్చు. మేక్‌కు ‘వి’ విలువ 1 ఇస్తే ప్రతి ఫైలుకు వాస్తవంగా వెళ్ళిన ఆదేశం తెరమీద కనిపిస్తుంది. తయారైన ఫైలును ఆబ్జ్‌డంప్‌తో విప్పి చూస్తే కంపైలర్ నిజంగా ఏం చేసిందో తెలుస్తుంది. పంపిణీల వైపు డెబియన్‌లో బిల్డ్ లాగ్‌లో రక్షణ ఫ్లాగులు లోపించిన చోట్లను వెతికే ‘బీఎల్‌హెచ్‌సీ’, ఫెడోరాలో బైనరీలను పరీక్షించే ‘అన్నోచెక్’ ఉన్నాయి. ప్యాచ్‌లో రాసినదాన్ని కాక బిల్డ్‌లో జరిగినదాన్ని చూడటమే వీటన్నిటి ప్రయోజనం.

కెర్నల్‌లో ముఖ్య ఘట్టాలు

2009 నాటి టన్ డ్రైవర్ ఉదంతం ఈ రంగంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. లినక్స్ 2.6.30లో ఆ నెట్‌వర్క్ డ్రైవర్‌లోని ఒక ఫంక్షన్ ముందు పాయింటర్ ద్వారా విలువను చదివి, ఆ తర్వాత ఆ పాయింటర్ నల్ అవునో కాదో తనిఖీ చేసేది. ‘ఇప్పటికే చదివారు కాబట్టి ఇది నల్ అయ్యే అవకాశం లేదు’ అని జీసీసీ తర్కించి తనిఖీని తొలగించింది. సున్నా చిరునామాలో మెమరీని అమర్చుకోగలిగిన దాడిదారుకు కెర్నల్ అధికారాలు దక్కే దారి ఏర్పడింది. సోర్స్ చదివినవారికి తనిఖీ కనిపిస్తుంది, నడుస్తున్న కెర్నల్‌లో అది లేదు. బ్రాడ్ స్పెంగ్లర్ ఆ ఏడాది జులైలో దీన్ని వాడుకునే ప్రోగ్రామ్‌ను బయటపెట్టాడు. లోపం సీవీఈ-2009-1897గా నమోదైంది. డ్రైవర్‌లో వరుసల క్రమాన్ని సరిదిద్దడంతోపాటు, నల్ తనిఖీలను తీసేయవద్దనే ఫ్లాగును కెర్నల్ మొత్తానికి చేర్చారు.

2018 జనవరిలో ప్రాసెసర్లలోని స్పెక్టర్ లోపాలు వెల్లడైనప్పుడు రక్షణ కోసం కంపైలర్‌నే మార్చాల్సి వచ్చింది. పరోక్ష జంప్‌లను ‘రెట్‌పోలిన్’ అనే సురక్షిత రూపంలోకి మార్చే ఫ్లాగుతో జీసీసీ 7.3 అదే నెలలో విడుదలైంది. ఆ ఏడాది చివర వచ్చిన లినక్స్ 4.20 నాటికి నడుస్తుండగా పరిమాణం తేలే శ్రేణులను కెర్నల్ కోడ్ నుంచి తొలగించే పని పూర్తయింది. మళ్ళీ ఎవరూ వాడకుండా వాటి మీద హెచ్చరిక ఇచ్చే ఫ్లాగును అప్పుడు చేర్చారు. ముందు ఇల్లు శుభ్రం చేసి తర్వాత తలుపుకు గడియ వేసే ఈ క్రమాన్నే 2019లో స్విచ్ కేసుల జారుడు హెచ్చరిక విషయంలోనూ పాటించారు.

హెచ్చరికలు ఎక్కువైనా నష్టమే. 2020లో జీసీసీ 10 విలువ ఇవ్వని వేరియబుల్స్ గురించి తప్పుడు హెచ్చరికలు ఎక్కువగా ఇవ్వడంతో, టోర్వాల్డ్స్ ఆ హెచ్చరికను సాధారణ బిల్డ్‌లలో ఆపేశాడు. 2021 సెప్టెంబరులో లినక్స్ 5.15 కోసం ఆయన హెచ్చరికలను లోపాలుగా చూసే ఫ్లాగును అందరికీ డిఫాల్ట్‌గా చేశాడు. రకరకాల ప్రాసెసర్లు, రకరకాల కంపైలర్ సంచికలు వాడేవారి బిల్డ్‌లు ఆగిపోయాయి. కొద్ది రోజుల్లోనే దాన్ని కంపైల్ పరీక్షల కోసం చేసే బిల్డ్‌లకు పరిమితం చేశారు. ఫ్లాగు సరైనదే అయినా అది ఎవరి యంత్రంలో నడుస్తుందో లెక్కలోకి తీసుకోవాలని ఈ ఉదంతం చూపింది.

2022 మేలో వచ్చిన లినక్స్ 5.18తో కెర్నల్ 1989 నాటి సీ మాండలికం నుంచి 2011 నాటి మాండలికానికి మారింది. జాబితాల మీద నడిచే లూప్‌లలో వేరియబుల్‌ను లూప్ బయట ప్రకటించాల్సి రావడం, లూప్ ముగిశాక కూడా దాన్ని పొరపాటున వాడే అవకాశం ఉండటం ఈ చర్చకు మూలం. ప్రమాణం మారినా, ప్రకటనలు బ్లాక్ మొదట్లోనే ఉండాలనే పాత అలవాటును కాపాడే హెచ్చరిక ఫ్లాగును మాత్రం అప్పటికి ఉంచారు. అదే ఏడాది ‘ఓ3’ ఆప్టిమైజేషన్‌ను అన్ని ప్రాసెసర్లకూ తెరవాలన్న ప్రతిపాదన వచ్చింది. టోర్వాల్డ్స్ దాన్ని వ్యతిరేకించాడు. చివరికి ఆర్క్ ప్రాసెసర్లకు అప్పటిదాకా ఉన్న ఆ ఐచ్ఛికాన్ని సైతం తొలగించారు.

పంపిణీలలో ముఖ్య ఘట్టాలు

పంపిణీకి వేల ప్యాకేజీల బాధ్యత ఉంటుంది కాబట్టి అక్కడ ఫ్లాగు మార్పు విధాన నిర్ణయంగా మారుతుంది. ఫ్రేమ్ పాయింటర్ల వివాదం దీనికి మంచి ఉదాహరణ. ఫంక్షన్ ఎక్కడినుంచి పిలుపు అందుకుందో తేలిగ్గా తెలుసుకోవడానికి ఒక రిజిస్టర్‌ను కేటాయించే పద్ధతి ఇది. ప్రోగ్రామ్ ఎక్కడ నెమ్మదిస్తోందో కొలిచేవారికి ఇది వరం, వేగం కోరేవారికి భారం. ఫెడోరా ప్రతిపాదనలో చూపిన కొలతల ప్రకారం కెర్నల్‌ను కంపైల్ చేయడం 2.4 శాతం నెమ్మదించింది. పైథాన్ పరీక్షల్లో తేడా 1 నుంచి 10 శాతం దాకా ఉంది. ఫెడోరా సాంకేతిక కమిటీ మొదట తిరస్కరించి, 2023 జనవరిలో ఆమోదించింది. ఆ ఏడాది ఫెడోరా 38లో అది అమలైంది. ఉబుంటు 24.04 అదే దారి పట్టింది.

ప్రాసెసర్ కనీస స్థాయిని పెంచే ఫ్లాగు పాత యంత్రాలను సేవ నుంచి తప్పిస్తుంది. 64 బిట్ ఎక్స్86కు 2020లో నాలుగు స్థాయిలు నిర్వచించారు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 రెండో స్థాయిని, 10వ సంచిక మూడో స్థాయిని కనీసంగా తీసుకున్నాయి. ఆ సూచనలు లేని ప్రాసెసర్ మీద ఆ సిస్టమ్ నడవదు.

డేటా ఆకృతిని మార్చే ఫ్లాగులు ఇంకా లోతైనవి. 32 బిట్ సమయ విలువలు 2038 జనవరి 19న పరిమితి దాటతాయి. దాన్ని తప్పించడానికి డెబియన్ 2024లో 32 బిట్ ఆర్మ్ వంటి ప్రాసెసర్ల మీద సమయ విలువను 64 బిట్లకు మార్చే ఫ్లాగులను డిఫాల్ట్ చేసింది. ఒక లైబ్రరీ పాత కొలతతో, దాన్ని పిలిచే ప్రోగ్రామ్ కొత్త కొలతతో ఉంటే రెండూ ఒకే మెమరీని వేర్వేరుగా చదువుతాయి. అందుకే ప్రభావితమైన లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర ‘టి64’ చేర్చి, వాటిని వాడే ప్యాకేజీలను మళ్ళీ బిల్డ్ చేశారు. పాత బైనరీలు నడవడమే ప్రధాన అవసరంగా మిగిలిన ఐ386 (32 బిట్ ఎక్స్86)ను ఈ మార్పు నుంచి మినహాయించారు.

భద్రతా కోణం

బిల్డ్ ఫైళ్ళను సమీక్షకులు తేలిగ్గా దాటిపోతారని దాడిదారులకూ తెలుసు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టిన ఎక్స్‌జడ్ కంప్రెషన్ లైబ్రరీ ఉదంతంలో దొంగదారి 5.6.0, 5.6.1 విడుదలల బిల్డ్ స్క్రిప్టుల ద్వారానే లోపలికి వచ్చింది. అదే ఖాతా నుంచి వచ్చిన మరో మార్పు ఇంకా చిన్నది. ల్యాండ్‌లాక్ అనే రక్షణ సదుపాయం ఉందో లేదో తెలుసుకోవడానికి బిల్డ్ వ్యవస్థ కంపైల్ చేసే చిట్టి ప్రోగ్రామ్‌లో ఒక్క చుక్క అదనంగా చేరింది. ఆ చుక్కతో అది ఎన్నడూ కంపైల్ కాదు. ‘ఈ యంత్రంలో ఆ సదుపాయం లేదు’ అని బిల్డ్ వ్యవస్థ నిర్ధారించుకొని రక్షణను వదిలేస్తుంది. లోపమూ లేదు, హెచ్చరికా లేదు. కంపైలర్‌ను అడిగి నిర్ణయించే పరీక్ష విఫలమైతే, అది ఎందుకు విఫలమైందో లాగ్‌లో చూడాలన్న పాఠం ఇక్కడిది.

ఒకే సోర్స్, ఒకే ఫ్లాగులతో ఎవరు బిల్డ్ చేసినా అక్షరం తేడా లేని బైనరీ రావాలన్న పునరుత్పాదక బిల్డ్‌ల ప్రయత్నం దీనికి మరో వైపు నుంచి తోడ్పడుతుంది. బిల్డ్ జరిగిన డైరెక్టరీ పేరు బైనరీలో చొరబడకుండా ఆపే ఫ్లాగులు అందుకోసం వచ్చినవే.

పరిమితులు

సమీక్ష ఎంత జాగ్రత్తగా చేసినా అన్ని కలయికలనూ మనిషి చదవలేడు. లినక్స్‌లో ప్రతిపాదిత మార్పులు లినక్స్-నెక్స్ట్ అనే ఉమ్మడి శాఖలో కలుస్తాయి. ఇంటెల్ నడిపే కెర్నల్ టెస్ట్ రోబోట్, కెర్నల్‌సీఐ వంటి వ్యవస్థలు అనేక ప్రాసెసర్లు, కాన్ఫిగరేషన్ల మీద వాటిని బిల్డ్ చేసి చూస్తాయి. ఇవి బిల్డ్ విరిగితే పట్టుకుంటాయి. బిల్డ్ విరగకుండా అర్థం మారిన సందర్భాలలో భారం సమీక్షకుల మీదే ఉంటుంది.

టన్ డ్రైవర్‌లోని తప్పును వరుసల క్రమం మార్చి 2009లోనే సరిదిద్దారు. అలాంటి తప్పు కెర్నల్‌లో ఇంకెక్కడైనా ఉన్నా కంపైలర్ తనిఖీని తొలగించకుండా ఉండటానికి, ఆనాడు చేర్చిన ఫ్లాగు లినక్స్ మేక్‌ఫైల్‌లో నేటికీ కొనసాగుతోంది.